వెండెల్ ఛాతీ పట్టీ

విమానం తలుపు తెరవగానే గాలి హోరెత్తింది. పారాచూట్లతో దూకబోయే మా ముసలిమూక వయసులన్నీ కూడితే కింది అరిజోనా కొండలకంటే ఎక్కువే, విమానం నడిపే నాది కలపకుండానే.

"ఓసారి మేఘంలో ఓ బాతు నా గడ్డంలో గుడ్డు పెట్టింది," అంటూ వెండెల్ తలుపు దగ్గరికి జరిగాడు.

అతని ఛాతీ పట్టీ బిగించకుండా వేలాడుతోంది. ఎదురుగా ఉన్న లొరేన్ చూసింది. అలాగే దూకితే పారాచూట్ విచ్చుకోగానే మనిషి జారిపోతాడు. నలుగురిలో చెబితే, మతిమరుపు వచ్చిందని రేపట్నుంచి అతణ్ణి విమానం ఎక్కనివ్వరు.

లొరేన్ మోకాలు పట్టుకుని కూలబడింది. "చచ్చాన్రా వెండెల్! నాతో విమానంలోనే కిందికి రా."

"పడ్డానికి మోకాలెందుకే ముసల్దానా?" అని విసుక్కుంటూనే ఆగిపోయాడు. మిగతావాళ్లు దూకేశారు.

నేను విమానం దించుతుంటే, పట్టీ విప్పబోయిన అతని చెయ్యి, వేలాడుతున్న కొస తగిలి ఛాతీ మీదే ఆగిపోయింది.

"ఇదివరకు కూడానా?" అని లొరేన్‌ని అడిగాడు.

"రెండుసార్లు. నువ్వు కోతలు కోస్తుంటే నేనే బిగించా."

మాలో ఎవరికి ఏది మొదటిసారి జరిగినా, కారణం చెప్పి అందరికీ బీరు పోయించడం మా ఆనవాయితీ.

"నాకు తెలియడం మొదటిసారేగా," అన్నాడు వెండెల్. "సాయంత్రం బీరు నాదే. కారణం నేనే చెబుతా."