ముప్పై ఒకటి

కొత్తగా వచ్చిన మనిషి వంగి గాలి గొట్టం వాల్వు కట్టేశాడు.

ఆ గాలితోనే ఫిట్టర్ ఒళ్ళు చల్లబరుచుకుంటున్నాడు. అద్దకం మిల్లులో మధ్యాహ్నపు ఉడుకుకి పనివాళ్ళకు అదొక్కటే దిక్కు.

ఫిట్టర్ లేచి అతని చెంప ఛెళ్ళుమనిపించాడు.

"ఎవడ్రా నువ్వు ఆపడానికి? నీ అబ్బ సొమ్మా గాలి?"

ఆ మనిషి చెంప తడుముకున్నాడు. తిరిగి చెయ్యెత్తలేదు.

"ఈ గాలి నింపడానికి పక్కగదిలో అంత పెద్ద మోటారు తిరగాలన్నా. ఒంటికి చిన్న ఫ్యాను చాలు. పెట్టిద్దాం" అని ముందుకు కదిలాడు.

వారం రోజులుగా ఇదే వరస. చెవులకు హెడ్‌ఫోన్లు, చేతిలో చిన్న యంత్రం. ఆవిరి పైపుల దగ్గర ఆగి, రోగి గుండె చూసినట్టు వింటాడు. నోటుబుక్కులో ఏదో రాసుకుంటాడు. అందరూ కలిసి 'పైపుల డాక్టరు' అని పేరు పెట్టేశారు.

"డాక్టరు గారూ, మా పైపుకి జ్వరమా, జలుబా?" అని మొదట్లో ఆటపట్టించారు కూడా.

నలభై మందిని పీకేస్తారన్న పుకారు పుట్టాక ఎవరూ నవ్వలేదు.

చెంపదెబ్బ పడిన మర్నాడు షిఫ్టు మారే వేళ, అతను నోటుబుక్కు బాయిలర్ గదిలో బల్ల మీద వదిలి నిచ్చెనెక్కాడు.

ఫిట్టర్ ఆ పుస్తకం తెరిచాడు.

'14 - పనికిరాదు.'

'22 - మార్చాలి.'

'31 - వెంటనే తీసేయాలి.'

ఫిట్టర్ చొక్కాకి ఉన్న ఇత్తడి బిళ్ళ మీద నంబరు ముప్పై ఒకటి. బాయిలర్‌లో బొగ్గు వేసే బాబాయిది పద్నాలుగు.

"చూశావా బాబాయ్! పాతికేళ్ళు ఈ నిప్పు ముందు మాడిపోయావు. ఇప్పుడు నువ్వు పనికిరావంట!"

బాబాయి చేతిలోంచి పార జారింది. ఉన్నచోటే కూలబడ్డాడు.

"తీసేసేవాళ్ళ లిస్టు దొరికింది!" అని ఫిట్టర్ గుమ్మంలోకి వెళ్ళి అరిచాడు.

షిఫ్టు దిగేవాళ్ళూ ఎక్కేవాళ్ళూ ఒక్కటై లోపలికి తోసుకొచ్చారు. నిచ్చెన లాగేశారు. అతను వెల్లకిలా సిమెంటు నేల మీద పడ్డాడు.

"మా నోటికాడి కూడు లాక్కుంటావట్రా!"

మొదటి తన్ను డొక్కలో పడింది. తర్వాతివి ఎవరెవరివో తెలియదు. ఎవరో ఇనప పైపు ముక్క అందుకున్నారు. మోకాలి చిప్ప పగిలిన చప్పుడు ఆ రొదలో కూడా వినపడింది. నేల పట్టుకుని లేవబోతే, వేళ్ళ మీద బూటుకాలు పడింది.

అతను ఫిట్టర్ వైపు చెయ్యెత్తాడు.

"ముప్పై ఒకటంటే... మనిషి కాదన్నా..."

ఫిట్టర్‌కి కోపంతో కళ్ళు బైర్లు కమ్మాయి.

"విన్నార్రా! నేను మనిషినే కాదంట!"

చేతిలోని రెంచి అతని నోటి మీద పడింది. రెండోసారి తల మీద పడింది.

బాబాయి లేచి అడ్డంపడ్డాడు. "చాల్రా! చచ్చిపోతాడ్రా!"

అందరూ వెనక్కి జరిగారు. నెత్తురు బొగ్గుపొడిలో ఇంకి నల్లబడుతోంది. అతను కదలలేదు.

ఆంబులెన్సు వెళ్ళిపోయాక మేనేజర్ బాయిలర్ గదిలోకి వచ్చాడు. నేల మీది మరక చూసి గోడ పట్టుకున్నాడు.

"ఎంత పని చేశారయ్యా!"

"మమ్మల్ని తీసేయడానికి వచ్చినవాణ్ని ముద్దు పెట్టుకోమంటారా?" అన్నాడు ఫిట్టర్.

"మిమ్మల్ని కాదు, అసలు మిల్లే మూసేద్దామనుకున్నారు ఓనర్లు. నెలాఖరుకి! వచ్చిందంతా బొగ్గుకే పోతోందని. మీరు బెంగపడతారని నేనే దాచాను. ఈయన ఎక్కడ విన్నాడో, తనంతట తానే వచ్చాడు. పది రోజులు ఆగండి, ఆవిరి ఎక్కడెక్కడ వృథా అవుతోందో చూపిస్తాను, ఒక్క మనిషిని కూడా తీయక్కర్లేదు అన్నాడు."

"మరి ఆ నంబర్లు?"

మేనేజర్ నిచ్చెన నిలబెట్టాడు. "ఎక్కి చూడు."

ఫిట్టర్ ఎక్కాడు. కిందికి కనపడని వాల్వు మీద సుద్దముక్కతో రాసి ఉంది, '31'. దాని పక్కనుంచి ఆవిరి సన్నగా బుస కొడుతోంది. అవతలి వాల్వు మీద 32. దాని తర్వాత 33.

"నాలుగో వంతు బొగ్గు మిగులుతుందట. పొద్దున్నే ఓనర్లు కూడా ఒప్పుకున్నారు" కిందనుంచి మేనేజర్ అన్నాడు. "ఇందాక మీ అందరికీ ఆ మాట చెప్పడానికే వస్తున్నాను."

ఫిట్టర్ నిచ్చెన దిగి, చేతులైనా కడుక్కోకుండా ఆసుపత్రికి పరిగెత్తాడు.

అప్పటికే ముఖం మీదికి దుప్పటి లాగేశారు. గది బయట బల్ల మీద ఒకావిడ కూర్చుని ఉంది. ఏడవడం కూడా ఇంకా మొదలుపెట్టలేదు.

"మిల్లు నుంచి వచ్చారా అన్నయ్యా?"

ఫిట్టర్ తలూపాడు. చేతులు వెనక్కి దాచుకున్నాడు.

"ఎందుకు కొట్టారో మీకేమన్నా తెలుసా? ఆయన ఎవరితోనూ గొడవ పడే మనిషి కాదే!"

'నేనే కొట్టానమ్మా' అని చెప్పి, అట్నుంచి పోలీస్ స్టేషన్‌కి పోదామనే వచ్చాడు. గోడకు ఆనుకుని నిలబడ్డాడు.

"అక్కడ మీరేం పని చేస్తారు?"

"ఫి... ఫిట్టర్నమ్మా."

ఆవిడ మొదటిసారి తలెత్తి అతన్ని సొంతవాణ్ని చూసినట్టు చూసింది.

"మా ఊరి మిల్లూ ఇట్లాగే బొగ్గు ఖర్చు మోయలేక మూతపడింది అన్నయ్యా. పన్నెండేళ్ళయింది. నూట ఎనభై మంది ఒక్కరోజులో రోడ్డున పడ్డారు. ఆ తర్వాతే ఆయన ఈ విద్య నేర్చుకున్నారు. ఎక్కడ మిల్లు మూస్తారని విన్నా ఇంట్లో నిలిచేవారు కాదు" అని, మెల్లగా అంది.

"ఆయనా ఫిట్టరే."