పెడల్ కింద టకటక

గడ్డకట్టిన సరస్సు మీద బండి నడిపేటప్పుడు ఇక్కడ ఎవరూ సీటు బెల్టు పెట్టుకోరు. మంచు పగిలితే దూకాలి. టపా వ్యానుకు కొత్తగా వచ్చిన ఎలోఫ్‌కు ఆ సంగతి తెలుసు. మంచు మీద ఈ వ్యాను బ్రేకు ఎలా పట్టాలో తెలియదు. నేర్పడానికి గున్‌వోర్ పక్కన కూర్చుంది. చీకటి పడింది.

"గట్టిగా తొక్కు. చక్రాలు బిగుసుకోకుండా బ్రేకు తనే పట్టి వదులుతూ కాలి కింద టకటకా కొడుతుంది. బెదిరి కాలు తీయకు."

"వెంటనే ఆగుతుందా అక్కా?"

"మంచు మీద వెంటనే ఏదీ ఆగదు. కానీ స్టీరింగు తిప్పినవైపు బండి తిరుగుతుంది."

ఎలోఫ్ తొక్కాడు. టకటక మొదలైంది. వ్యాను జారుతూనే తిరిగి, దారి గుర్తుకు నాటిన కొమ్మను తప్పించుకుని నిలిచింది.

"చూశావా! ఇక ముసలమ్మలా పాకనక్కర్లేదు," అని గున్‌వోర్ నవ్వింది.

టకటక ఆగలేదు.

"ఆగాం కదయ్యా, కాలు తియ్యి."

"ఎప్పుడో తీశానక్కా."

ఆమె వంగి చూసింది. అతని బూట్లు రెండూ పెడల్‌కు దూరంగా ఉన్నాయి. తాళం తిప్పి ఇంజను ఆపింది. చప్పుడు మంచు కిందనుంచి వస్తోంది. సరస్సు చేసే శబ్దాలన్నీ ఆమెకు తెలుసు. ఇది వాటిలో లేదు.

"మెల్లగా దిగు. ఒడ్డుకు నడిచిపోదాం."

ఎలోఫ్ తలుపు మీద చెయ్యి వేశాడు.

చప్పుడు అతని వైపుకు జరిగింది.