యాసీన్ మధ్యలో యాడ్

“యాసీన్ సూరా మధ్యలో చీరల డిస్కౌంటా! ఆ గోల ఆపక్కా!”

గుల్షన్ కసిరినా ఖుర్షిదా స్కిప్ నొక్కలేదు. పోయినవాళ్ల కోసం పెట్టుకున్న ఖురాన్ పారాయణం ఆగి, ఫోన్లోంచి డప్పులు, ఈలలు ఇల్లంతా మోగిపోయాయి. పర్చూరు నుంచి పరామర్శకు వచ్చిన ఆడవాళ్లు మొహమొహాలు చూసుకుని లేచి వెళ్లిపోయారు.

“విన్నావా గుల్షన్?” వాకిట్లోంచి ఖుర్షిదా అత్త చాంద్‌బీ అరిచింది. “నా కొడుకు మట్టిలో కలిసి నెల తిరగలా. అప్పుడే ఇంట్లో ఈ తైతక్కలేంటని ఊరు నవ్వదూ?”

ఖుర్షిదా ఫోన్ మీంచి చూపు తిప్పలేదు. మిరపతోటలో మోటారు కరెంటు షాక్ కొట్టి భర్త మాబు పోయినప్పట్నుంచీ అంతే. భర్త పోయాక పాటించే ఇద్దత్‌లో ఉన్న మనిషి, ఆ గడువు తీరేదాకా గడప దాటకూడదు. అన్నం పెడితే రెండు మెతుకులు కతికి పళ్లెం నెట్టేస్తుంది. రోజంతా చేతిలో ఆ ఫోనే. ఇలాగైతే అక్క కూడా దక్కదేమోనని, నల్లపాడు నుంచి తోడుగా వచ్చిన గుల్షన్‌కి గుండెల్లో గుబులు.

పోయినవాళ్ల బొమ్మలు ఉంచుకోకూడదన్న పట్టింపు ఆ ఇంట్లో గట్టిది. చాంద్‌బీ చెప్పిందని, ఆ ఫోన్లో మాబు ఫొటోలు, వీడియోలు అన్నీ గుల్షనే కూర్చుని చెరిపేసింది. అది చేసిన చేతికి యాడ్స్ ఆపడం ఒక లెక్కా?

“ఇటివ్వు. ఇక యాడ్స్ రాకుండా చేస్తా.”

“వద్దులేవే. వాటి మానాన వాటిని రానీ.”

“పిచ్చా నీకు? బావ కోసం మనసు పెట్టి దువా చేసుకోవద్దూ?”

గుల్షన్ ఫోన్ లాక్కుని బ్లాకర్ వేసేసింది. మళ్లీ సూరా పెట్టింది. మొదట్నుంచి చివరిదాకా ఒక్క యాడ్ రాలేదు.

“అల్లా నిన్ను చల్లగా చూడాలమ్మా,” అని చాంద్‌బీ కళ్లొత్తుకుంది.

సాయంత్రం పళ్లెం తీయడానికి వెళితే, ఈసారి ఆ రెండు మెతుకులు కూడా ముట్టలేదు. ఖుర్షిదా ఒక వీడియో పెడుతోంది, ఆపుతోంది, ఇంకోటి పెడుతోంది.

“ఏం వెతుకుతున్నావక్కా?”

ఖుర్షిదా తలెత్తింది. ఇన్నాళ్లూ రాని ఏడుపు ఒక్కసారిగా తన్నుకొచ్చింది.

“నువ్వు వేసింది తీసెయ్యవే. నీ కాళ్లు పట్టుకుంటా. మిరప కోతలు మొదలైతే ఇక వాళ్లు దాన్ని వెయ్యరే!”

“దేన్ని అక్కా?”

“పురుగుమందు కంపెనీవాళ్ల యాడ్‌నే! అందులో మీ బావ మన తోటలో నిలబడి, ‘చూశారా మా మిరప’ అంటూ నవ్వుతాడే!”