పార్సెల్ ఆఫీసు కాటా

"ఆ కాటాను లోపల పెడితే నేను రిబ్బను కత్తిరించను" అని భీష్మించుకు కూర్చున్నాడు పాత పార్సెల్ గుమాస్తా.

రైళ్లు ఆగడం మానేసిన స్టేషనును ఊరివాళ్లు మ్యూజియం చేశారు. గంట, సిగ్నల్ దీపాలు, టికెట్ల బీరువా తుడిచి వరసగా పెట్టారు. మిగిలింది కాటా ఒక్కటే.

అసలు చూడాల్సిందే అది. ఆసుపత్రి లేని రోజుల్లో డాక్టరు వారానికోసారి రైల్లో దిగేవాడు. తల్లులు ముందుగా చంటిపిల్లల్ని ఆ కాటా మీద తూయించుకునేవారు. ఊళ్లో సగం మంది మూటల మధ్య తూగి పెరిగినవాళ్లే. తూచేది గుమాస్తా. సొంత మామగారి పరుపుచుట్టకు కూడా రుసుం కట్టించిన ఘనుడు.

"ఏమైంది తాతగారూ? మా అమ్మను కూడా దీని మీదే తూచారట" అంది మ్యూజియం చూసుకునే అమ్మాయి.

"మీ అమ్మకు ఈ కాటా నిజమే చెప్పుంటుంది. నాకే అబద్ధం చెప్పింది."

పక్కనున్న భార్య చేతిసంచీని ఒళ్లోకి లాక్కుంది. ఈ కాటా మాట వచ్చినప్పటి నుంచీ ఆమె ఏదో చెప్పాలని చెప్పలేకపోతోంది.

వాళ్లకు లేక లేక ఒక పాప. పిడికెడంత పిల్ల. వారం వారం భార్య దుప్పటిలో చుట్టి తెచ్చేది. కన్నకూతురైనా లెక్క లెక్కే. మొదటి రోజే దుప్పటిని విడిగా తూచి, ప్రతివారం ఆ బరువు తీసేసి పాప తూకం చెప్పేవాడు. ముల్లు కదలని వారం ఆయనకు ముద్ద దిగేది కాదు. తర్వాత వారం వారం ముల్లు కాస్త కాస్తగా జరుగుతూ వచ్చింది. ఒక వారం ఆనందం పట్టలేక కూలీలందరికీ టీలు తాగించాడు.

ఆ వారమే పాప పోయింది.

"పెరిగే పిల్ల ఎలా పోతుందమ్మా? దీన్ని నమ్మి పెద్దాసుపత్రికి తీసుకెళ్లలేదు. ఎదురుగానే రైలు ఆగేది. ఎక్కించలేదు."

అమ్మాయి తూకపు రాళ్లు తెచ్చి, ఒక్కొక్కటే పెట్టి చూసింది. ముల్లు వెంట్రుకవాసి కూడా తప్పలేదు.

ముసలాయన ముఖం పాలిపోయింది. "అయితే తప్పు చూసింది నేనే కదా! నా బిడ్డను నా చేతులతో నేనే..."

ఆ మాట భార్య భరించలేకపోయింది.

"మీ తప్పు కాదండీ. కాటాదీ కాదు" అంటూ సంచీలోంచి పాప దుప్పటి తీసింది.

అంచు కుట్లు విప్పగానే, పాప బతకదని డాక్టరు తనకొక్కదానికే చెప్పిన నాటి నుంచి, ఆయనకు ముద్ద దిగాలని, వారానికొకటి చొప్పున ఆమె దాచి కుట్టిన చిన్న చిన్న కంకర రాళ్లు కాటా మీద జలజలా రాలాయి.