ముందు మేమిద్దరం

“ఆపు! మళ్ళీ గుమ్మం దగ్గర్నుంచి రా” అంది టీచర్.

గుసగుస నిట్టూర్చి వెనక్కి నడిచింది. బళ్ళో టీచర్ పెట్టిన పేరది. అప్పట్లో నాటకంలో రాణి వేషం కట్టి, సైన్యాన్ని యుద్ధానికి పంపే మాట సైన్యానికే వినపడకుండా చెప్పింది. పెళ్ళయింది, ఉద్యోగం వచ్చింది, గొంతు మాత్రం పెరగలేదు. ఇప్పుడు ఆ గొంతుతోనే చిక్కొచ్చి పడింది.

ముందు గదిలో సోఫా పక్కకి తోసి, బల్ల చుట్టూ కుర్చీలు వేశారు. టీచర్ ఒక కుర్చీలో తల పైకెత్తకుండా, ముఖం బిగించుకుని కూర్చుంది. మరో కుర్చీలో ఆవిడ భర్త, రిటైరైన బ్యాంకు క్యాషియరు. ఆయనది ‘ఆయన’ వేషం.

గుసగుస వచ్చి కూర్చుంది. “నమస్కారమండీ. అదీ... ఆ సమస్య గురించి...”

“నాతో చెప్పండి” అని క్యాషియర్ అడ్డుపడ్డాడు. “ఆవిడకి చెబితే ఊరికే బెంబేలు పడుతుంది.”

గుసగుస నోరు టక్కున మూతపడింది.

“చూశావా, మళ్ళీ ఆయనకే వదిలేశావు!” టీచర్ బల్ల మీద చరిచింది. “మొన్నా ఇంతేనా?”

“ఇంతే టీచర్. ఆ గదిలో మాటలన్నీ ఆయనే మాట్లాడారు. మొత్తం తీసేయండి అనేశారు. నేను తలూపుతూ కూర్చున్నాను. గడ్డ వరకే తీసి కరెంటు, అదే రేడియేషన్, పెట్టినా ప్రాణానికి అంతే భద్రమని నాకు తెలుసు. తెలిసీ నోరు పెగల్లేదు. రేపటితో తేలిపోవాలి.”

“రొమ్ము ఆయనదా?”

క్యాషియర్ ఉలిక్కిపడి తన చొక్కా వంక చూసుకున్నాడు. అంత దిగుల్లోనూ గుసగుసకి నవ్వాగలేదు.

“నా సంగతి తెలుసుగా” అంది టీచర్. “నాకు జబ్బని ముందు ఈ మహానుభావుడికి చెప్పారు. ఈయన బయటికొచ్చి ‘ఏదో చిన్న గడ్డేనట, ఇంటికెళ్ళి పడుకుందాం పద’ అన్నాడు. నిజం తెలిసేసరికి ఆపరేషన్ కూడా అయిపోయింది.”

“భయమేసిందే” అన్నాడు క్యాషియర్, వేషం మర్చిపోయి.

టీచర్ ఆ తరువాత ఊరుకునే రకం కాదు. జబ్బు నయమైన ఆడవాళ్ళని పోగేసి ఆస్పత్రి పెద్దల వెంటపడింది. రొమ్ము ఎవరిదో ఏ మాటైనా ముందు వాళ్ళతోనే మాట్లాడాలని పట్టుబట్టి ఒప్పించింది. పెద్దలు ఒప్పుకున్నారు సరే, గదిలోకి వెళ్ళాక నోళ్ళు పెగలవద్దూ? అందుకే ఈ రిహార్సల్స్.

“జబ్బు పేరు చెప్పు.”

“అదీ...”

“అదీ ఏంటి, పక్కింటి పిల్లా? పేరు పెట్టి పిలువు.”

“ఛాతీలో...”

“ఛాతీ ఇదిగో, ఈ మీ బాబాయికీ ఉంది.”

“రొమ్ము క్యాన్సర్” అంది గుసగుస కళ్ళు మూసుకుని.

“వినపడలా.”

“రొమ్ము క్యాన్సర్!”

పక్కింటి కుక్క మొరిగింది. క్యాషియర్ చప్పట్లు కొట్టాడు.

“మరి ఆయన మళ్ళీ అడ్డొస్తే?”

“విరుచుకుపడకు. ఆయనకీ భయమే, పెత్తనం వేషంలో వస్తుందంతే. ‘మీరూ ఇక్కడే ఉండండి, ముందు మేమిద్దరం మాట్లాడుకుంటాం’ అను. నవ్వుతూ అను.”

మర్నాడు ఆస్పత్రిలో గుసగుస ఆ గది తలుపు తోసింది. ఎదుటి ఆవిడ అచ్చం టీచర్ చేసి చూపించినట్టే తల పైకెత్తలేదు. గుసగుస కూర్చుందో లేదో ఆయన అందుకున్నాడు.

“మొత్తం తీసేయమని చెప్పాం కదండీ. ఇంకా ఆలోచించేదేముంది?”

తమాయించుకుని గుసగుస నవ్వింది.

“మీరూ ఇక్కడే ఉండండి. ముందు మేమిద్దరం మాట్లాడుకుంటాం.”

కుర్చీ జరుపుకుని ఆవిడకి దగ్గరగా కూర్చుంది. “ఇది రొమ్ము క్యాన్సర్. దారులు రెండున్నాయి. రెండూ విప్పి మాట్లాడుకుందాం.”

ఎదుటి ఆవిడ చప్పున తలెత్తింది. గుసగుస ముఖంలోకి చూసి నిటారుగా సర్దుకుని కూర్చుంది. ఇక ఆవిడ ప్రశ్నలు ఆగలేదు.

“కరెంటు పెట్టేటప్పుడు నొప్పుంటుందా?”

“ఉండదు. తరువాత చర్మం కాస్త కమిలినట్టవుతుంది.”

“మళ్ళీ వస్తే?”

“రాదని ఎవరూ రాసివ్వలేరు. ఏటేటా చూపించుకోవాలి. మొత్తం తీసేసినా అది తప్పదు.”

“మరి ఉద్యోగం?”

“చేసుకోవచ్చు. అలసటగా ఉన్నప్పుడు సెలవు పెట్టాలి. వంట ఆయన చెయ్యాలి.”

ఆయన గతుక్కుమన్నాడు. “నాకు వంట రాదండీ.”

“నేర్చుకుంటారు” అన్నారు ఆడవాళ్ళిద్దరూ ఒక్కసారే. ముగ్గురూ పగలబడి నవ్వారు.

నవ్వుతూ నవ్వుతూనే ఆయన కళ్ళు తుడుచుకున్నాడు. “మొత్తం తీసేస్తే భయం పోతుందనుకున్నానండీ. ఆ భయం నాదని ఇప్పుడు తెలిసింది.”

“గడ్డ వరకే” అన్న ఆవిడ మాట ఆ గదిలో గట్టిగా వినపడింది. గుసగుసకి ఎగిరి గంతేయాలనిపించింది. ఇంత సంతోషం ఈ గదిలో ఉంటుందని ఆమె ఎన్నడూ అనుకోలేదు.

ఆయన లేచి రెండు చేతులూ జోడించాడు. తలుపు తీసి పట్టుకుని, భార్యని ముందు నడవనిచ్చాడు.

గుసగుస బెల్లు కొట్టి తరువాతి పేషెంట్‌ని పిలిచింది.