బరువు అరవై ఎనిమిది

“ఇంతకంటే గట్టివి లేవా అమ్మా?” అన్నాడు సుందరరాజు, సోఫాలోంచి లేవకుండానే.

అప్పటికి మంచు మీద జారే స్కీలు నాలుగు జతలు చూశాడు. షాపులో పనిచేసే ఆరిఫా లోపలికెళ్లి ఐదో జత తెచ్చింది. హైదరాబాద్ పిల్ల. రియాద్‌లో తెలుగు కస్టమర్ దొరికాడని మొదట సంబరపడింది. ఇప్పుడు ఆ సంబరం లేదు.

“చూడరా మొండయ్యా.”

సుందరరాజు పొద్దుతిరుగుడు గింజ కొరికి పొట్టు గాజు బల్ల మీద ఉమ్మాడు. కారు సీట్ల సందుల్లోంచి ఆ పొట్టును రోజూ గోళ్లతో ఏరేది మొండయ్యే. ఇంటి కారు తోలే హౌస్ డ్రైవర్ వీసా అతనిది. అంతకు ముందు దుబాయ్‌లో ఒక మాల్‌లోని మంచు హాల్లో ఆరేళ్లు మంచు చదును చేశాడు. సుందరరాజు అతన్ని అక్కడే చూసి తెచ్చుకున్నాడు. స్కీలు కొనాలంటే వెంట మొండయ్య ఉండాల్సిందే.

ఇవాళ మాత్రం మొండయ్య వేరే పని మీద వచ్చాడు. ఎడమ మోకాలు ఏడాదిగా వాస్తోంది. లోపల నరం సగం తెగిందని, ఇంకా సాగదీస్తే జన్మంతా కుంటాల్సిందేనని కరీంనగర్ డాక్టర్ ఫోన్‌లో స్కాన్ చూసి చెప్పాడు. ఇరవయ్యో తేదీన ఆపరేషన్. ఊరెళ్లి తిరిగొచ్చే అనుమతి, ఆ రీ-ఎంట్రీ సుందరరాజు కొట్టనిదే విమానం ఎక్కడానికి లేదు. ఎట్లాగైనా ఈ పూట అడిగెయ్యాలి.

కుడి కాలి మీద బరువు వేసి నిలబడి, స్కీ అంచు మీద బొటనవేలి గోరు గీశాడు. గోరు పొడి తెల్లగా రాలింది. స్కీని నేలకు ఆనించి నడుమ నొక్కి చూశాడు. వంగనంది.

“ఎలా ఉందిరా?”

“అంచు మంచిగున్నది సార్. గట్టి మంచు మీద కరుసుకొని పోతది. గని మస్తు కట్టె లెక్కున్నది. భారమంత మోకాళ్ల మీద పడ్తది.”

“అన్న చెప్పింది కరెక్టే సార్,” అంది ఆరిఫా. “లోపల రెండు లోహపు రేకులున్నాయి. గడ్డకట్టిన మంచు మీద స్పీడుగా మలుపులు తిప్పడానికి దీన్ని మించింది మా దగ్గర లేదు. కానీ మోకాళ్లు స్ట్రాంగ్‌గా ఉండాలి. కొంచెం మెత్తవి చూపించనా?”

“మోకాళ్లకేం, భేషుగ్గా ఉన్నాయి. ఇవే ఇచ్చెయ్యి.”

మొండయ్య మొహం గోడవైపు తిప్పుకున్నాడు.

ఆరిఫా సుందరరాజు వంకే చూసి, “సార్, స్కీయింగ్ వీడియోల రాజుగారు మీరే కదా?” అంది. “మా భయ్యా ఒక్కటి కూడా వదలడు. ఏం తిప్పుతారు సార్ మలుపులు.”

సుందరరాజు ఫోన్ తీసి పోయిన చలికాలం జార్జియా దేశంలో తీసిన వీడియో పెట్టాడు. కొండ కింద నిలబడి నవ్వుతూ నాలుగు ముక్కలు మాట్లాడతాడు. తర్వాత తెల్లటి వాలు మీద మెరుపులా ఒక మనిషి. లక్షన్నర మంది చూశారు. అది చూసే రియాద్ తెలుగువాళ్లు స్టేజీ ఎక్కించి శాలువా కప్పారు.

“వయసుదేముందమ్మా, పట్టుదల ఉండాలి గానీ.”

శాలువా రోజున మైకులోనూ ఇదే మాట. ఆ రోజూ మొండయ్య నోట్లో చేదు నీళ్లూరాయి. ఉమ్మడానికి చోటు లేక మింగాడు.

ఆరిఫా ఒక కార్డు తీసింది. “బూటును స్కీకి పట్టి ఉంచే బైండింగ్ బిగించాలి సార్. పడితే బూటు స్కీ నుంచి ఊడి రావాలి కదా, అది బరువు, వయసు బట్టి పెడతాం. మీ బరువు?”

“అరవై ఎనిమిది.”

పెన్ను ఆగింది. చొక్కా గుండీల సందుల్లోంచి తొంగిచూస్తున్న పొట్టను ఆమె ఒకసారి చూసింది.

“ఇది మాత్రం నిజం చెప్పాలి సార్. తక్కువ రాస్తే మలుపు మధ్యలోనే బూటు ఊడిపోతుంది.”

“నిజమే చెబుతున్నా. అరవై ఎనిమిది. వయసు నలభై ఒకటి.”

ఈసారి ఆమె చూపు అతని రంగేసిన జుట్టు మీదికి పోయింది. కస్టమర్‌తో వాదన ఎందుకనుకుందేమో, చెప్పింది చెప్పినట్టే రాసుకుని, స్కీలు, వాళ్లు తెచ్చిన బూట్లు తీసుకుని లోపలికి వెళ్లింది.

ఇద్దరే మిగిలారు.

“సార్, నా ఛుట్టీ సంగతి.”

“మళ్లీ మొదలెట్టావా?”

“ఇరవై తారీఖు ఆపరేషన్ సార్. మీరు రీ-ఎంట్రీ కొడ్తే చాలు.”

“పదిహేనుకి జార్జియాలో ఉండాలి కదరా మనం. వచ్చాక చూద్దాం.”

“పోయినేడు గూడ గట్లనే అంటిరి.”

“ఆటోమేటిక్ బండేగా నువ్వు తోలేది. ఎడమ కాలితో నీకేం పని?”

మొండయ్య అతని మొహంలోకి చూశాడు. కింది పెదవికి పొట్టు ముక్క ఒకటి అంటుకుని ఉంది. అన్నీ తెలిసి ఆ మాట అనగలిగింది ఆ నోరు. ఒంటి మీద జెర్రి పాకినట్టయింది.

“ఇంకో డ్రైవర్‌ను వెట్టుకోండ్రి సార్. ఛుట్టీ ఇయ్యకుంటె మాయె, ఎగ్జిట్ కొట్టి పూరా పంపుండ్రి. జీతం గూడ అడుగ.”

సుందరరాజు లోపలి తలుపు వైపు చూశాడు. ఆరిఫా ఇంకా రాలేదు. లేచి మొండయ్య భుజం మీద చెయ్యేసి దగ్గరికి లాక్కున్నాడు. అత్తరు వాసన, నోటి వాసన కలిసి కొట్టాయి.

“డ్రైవర్లకేంరా, ఫోన్ కొడితే పది మంది వస్తారు,” అన్నాడు గొంతు తగ్గించి, “మొహం కనపడకుండా హెల్మెట్ పెట్టుకుని నా బదులు ఆ కొండ దిగేవాణ్ణి ఎక్కణ్ణుంచి తెచ్చుకోమంటావు?”