చోడి చేలో అసలు రైతు

పంట సాయం ఎవరికివ్వాలో ఇప్పుడు డ్రోనే తేలుస్తోంది. చేలో రోజూ కనబడేవాడే దాని లెక్కలో రైతు. గౌరీశ్వరికి అదే దిగులు. సాయం రాకపోతే చోడి చేనుకు, అంటే రాగి పైరుకు, ఎరువు లేదు. మొగుడు సింహాద్రేమో పొద్దస్తమానం టీ కొట్టు దగ్గరే ఉంటాడు.

డ్రోను వచ్చిందని తెలిసి, చంకలో పాపతో ఆమె, వెనకాల ఆవలిస్తూ అతను చేలోకి పరిగెత్తారు. అది గిరగిరా తిరిగి, సింహాద్రి పాత చొక్కా తొడిగిన దిష్టిబొమ్మ ముందు ఆగింది.

“రోజూ ఉండేది ఈయనే. రైతు ఈయనే. ఆ రెండో ఆయనెవరు?” అని అడిగింది డ్రోను.

గౌరీశ్వరి పైట సర్దుకుని దిష్టిబొమ్మ పక్కన నిలబడింది.

“ఆయన మాటాడడు బాబూ. నాను ఆయన పెళ్లాన్ని. డబ్బులు నా ఖాతాలో ఎయ్యి.”

“జమ అయింది,” అని డ్రోను పక్క చేనుకు ఎగిరిపోయింది.

“మరి నానెవర్నే?” అన్నాడు సింహాద్రి.

“మా ఆయన దగ్గర కూలోడివి. కలుపు తియ్యి,” అంది గౌరీశ్వరి.